గుడి గేటు దగ్గరి మనిషికి పిలుపు

నా ప్రయాణాలన్నీ ఎవరో ఒకరి ఆకలితోనే మొదలవుతాయి. ఈసారి ఆకలి ఫాదర్ శౌరయ్యది. గుంటూరు జిల్లాలో మా ఊరివాడే. మా తమ్ముడితో కలిసి మా పెరట్లో జామకాయలు దొంగిలించిన పిల్లాడు గురువై, ఆస్ట్రేలియా వచ్చి, ఇప్పుడు విక్టోరియా రాష్ట్రం నైరుతి మూల ఒక బంగాళాదుంపల ఊళ్లో విచారణ గురువుగా, అంటే చర్చి ఫాదర్‌గా ఉన్నాడు. బుధవారం ఫోన్ చేసి, "అక్కా, ఆదివారం మా గుళ్లో ఒక జంటకి పెళ్లి స్వర్ణోత్సవం. మా అక్క వచ్చి పులావు వండుద్దని అందరికీ చెప్పేశా," అన్నాడు.

"నన్నడిగి చెప్పావా?"

"అడిగితే రానంటావని ముందే చెప్పేశా. రెండేళ్ల నుంచి బంగాళాదుంపే తింటున్నానక్కా. ఉడకేసింది, వేయించింది, మెదిపింది. నా మొహం కూడా అట్టాగే తయారైంది."

వెళ్లక ఏం చేస్తాను? ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. రాయనని అక్కడ ఒక పెద్దాయనకు మాటిచ్చాను. వెళ్లదలచినవాళ్లు వార్నంబూల్ స్టేషన్లో దిగి, ఆకుపచ్చ రంగు పోస్టు డబ్బాలున్న ఐరిష్ వాళ్ల ఊరేదని అడిగితే ఎవరైనా చెబుతారు.

శనివారం తెల్లవారాక నగర శివారు పాయింట్ కుక్‌లో మా ఇంటి నుంచి బయలుదేరాను. మాది కొత్త కాలనీ. ఇళ్లు ఒకచోట, స్టేషను ఒకచోట. మా అబ్బాయి కారులో దింపుతూ నా పెద్ద డేగిసాను చూసి, "మమ్, సీరియస్లీ?" అన్నాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు. "సీరియస్‌గానే నాయనా, బాస్మతి మూట కూడా అందుకో," అన్నాను. లోకల్ రైలెక్కి నగరంలోని సదరన్ క్రాస్ స్టేషను చేరి, ఏడున్నర ప్రాంతంలో వార్నంబూల్ రైలు ఎక్కాను. పెద్దవాళ్ల కార్డుంటే టికెట్ చవకే. శనివారాలు రద్దీగా ఉంటుంది కాబట్టి సీటు ముందే రిజర్వు చేసుకోండి. డేగిసా నా కాళ్ల దగ్గర పట్టలేదు. పక్కసీటు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోబెట్టాను.

జీలాంగ్‌లో ఆ సీటు తాలూకు మనిషి ఎక్కాడు. పాతికేళ్ల కుర్రవాడు, పేరు శ్రీకాంత్, కరీంనగర్ వాడు.

"ఆంటీ, మనోళ్లేనా? గంత పెద్ద డేగిసా ఏడికి తీస్కపోతున్నరు?"

"గుడికి బాబూ. పులావు వండాలి."

"గుళ్లె పులావా?" అని నోరు తెరిచాడు. మేం క్యాథలిక్కులం, మా గుడి అంటే చర్చి అని చెప్పాక, "ఎప్పుడు మారిన్రు ఆంటీ?" అన్నాడు.

"మా తాతగారి తాతగారు కనబడితే అడిగి చెబుతాలే," అన్నాను. సిగ్గుపడి నవ్వాడు. మంచి పిల్లవాడు. జీలాంగ్‌లో చదువుకుంటూ, వారాంతాల్లో కొలాక్‌లో ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తున్నాడట. ఐరిష్ వాళ్ల ఊరికి వెళుతున్నానంటే పగలబడి నవ్వాడు. "మా దగ్గర అసొంటోళ్లు ఇద్దరు తాతలున్నరు ఆంటీ. ఒక్క టేబుల్ కాడ కూసోబెట్టద్దని మేనేజర్ చెప్పింది. నాకెర్కలేక కూసోబెట్టిన. సూప్ గిన్నె ఎగిరింది. వాళ్ల నాయనలు ఐర్లండ్‌ల కొట్లాడుకున్నరంట. వీళ్లు పుట్టింది ఈడనే, ఐర్లండ్ మొఖం గూడ చూళ్లే! పొద్దుగూకితే మల్ల ఇద్దరు కలిసే జపమాల తిప్పుతరు."

నేను తెచ్చుకున్న ఇడ్లీలు ఇద్దరం పంచుకున్నాం. కొలాక్‌లో దిగేటప్పుడు డేగిసాను మళ్లీ సీట్లో కూర్చోబెట్టి బెల్టు లేదే అని బాధపడి మరీ వెళ్లాడు.

కొలాక్ దాటితే అన్నీ పచ్చికబయళ్లు, ఆవులు, రాతి గోడలు. పదకొండు దాటాక వార్నంబూల్‌లో దిగితే ఫాదర్ శౌరయ్య ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. ముందు డేగిసాకు నమస్కారం పెట్టి తర్వాత నన్ను పలకరించాడు. వెధవ! పెద్ద గురువయ్యాడు గానీ బుద్ధి మారలేదు.

దారిలో టవర్ హిల్ దగ్గర ఆగాం. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం నోరది. ఇప్పుడు లోపలంతా చెట్లు, నీళ్లు. ఈమూ పక్షులు పిక్నిక్ బల్లల మధ్య పెళ్లిపెద్దల్లా తిరుగుతుంటాయి. ఒకటి నా సున్నుండల సంచిలో తల పెట్టబోతే కొంగుతో అదిలించాను. అక్కడ కూర్చుని టీ తాగుతుంటే అసలు సంగతి చెప్పాడు.

"వచ్చిన కొత్తల్లో ఒక పెద్దాయన ప్రతి ఆదివారం గుడి గేటు దగ్గర నిలబడి ఉండేవాడక్కా. నెత్తిన టోపీ, చేతిలో జపమాల. పూజ అయిందాకా అక్కడే. మనూళ్లో ప్రసంగం మొదలవంగానే మగాళ్లు బయటికెళ్లి బీడీ ముట్టిస్తారు గదా, ఆ బాపతే అనుకున్నా. ఎండలో ఉన్నాడు పాపమని ఒకరోజు కుర్చీ పంపిచ్చా. గుళ్లో జనమంతా నేనేదో బాంబు పంపినట్టు చూశారు!"

ఆ పెద్దాయన పేరు కాన్, స్వర్ణోత్సవం ఆయనదే. ఎనభై ఏళ్లు. ఆయన తండ్రి మైకేల్ వందేళ్ల కిందట ఐర్లండ్ నుంచి వచ్చాడు. అక్కడ ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం కుదిరినప్పుడు సగం జనం వచ్చిన స్వాతంత్ర్యం చాలన్నారు, సగం జనం ఇది సగమే కదా అన్నారు. నిన్నటిదాకా భుజం కలిపి పోరాడినవాళ్లు ఒకరినొకరు కాల్చుకున్నారు. బిషప్పులు ఒప్పందం వైపు నిలబడి, దానికి ఎదురు తుపాకీ పట్టినవాళ్లకు గురువు చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం లేదు, పూజలో పంచే సత్ప్రసాదం లేదని చెప్పేశారు. మైకేల్ తుపాకీ పట్టినవాడు.

సముద్రం దాటితే ఎవరడుగుతారులే అనుకుని ఇక్కడికొచ్చాడు. కానీ అవే పల్లెల నుంచి అవతలి పక్షం వాళ్లు కూడా ఇక్కడికే వచ్చారు. వాళ్లు గుర్తుపట్టి చెప్పారు. అప్పటి గురువు కూడా ఐర్లండ్ వాడే. ఒక ఆదివారం బలిపీఠం మీది నుంచే, అది పాపమని ఒప్పుకోనంతకాలం నీకు ఇక్కడ చోటు లేదన్నాడట. "నా పాపాలన్నీ ఒప్పుకుంటాను. అదొక్కటీ పాపం కాదు," అని మైకేల్ నిండు గుళ్లో టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. మరుసటి ఆదివారం బండి కట్టి భార్యాబిడ్డల్ని గుడికి తెచ్చి, తాను గేటు దగ్గర నిలబడి జపమాల చెప్పుకున్నాడు. చనిపోయేదాకా ఒక్క ఆదివారం తప్పలేదు. మగపిల్లలకు పన్నెండేళ్లు నిండితే వాళ్లూ వచ్చి పక్కన నిలబడేవారు. వాళ్లలో ఇప్పుడు కాన్ ఒక్కడే మిగిలాడు.

నాకు ఒళ్లు మండింది. "దేశం కోసం పోరాడినవాడికి సత్ప్రసాదం లేదంటారా?"

"అవతలివాళ్లూ దేశం కోసమే అన్నారక్కా. మా గుళ్లో ఆర్గన్ వాయించే బెర్నడెట్ ఉంది. వాళ్ల చిన్నతాత పందొమ్మిదేళ్లవాడు, మైకేల్ పక్షం తుపాకీకే పోయాడు. ఎవరికి చెప్తాం? నేనొచ్చాక గుళ్లోకి ఏ దేశం జెండా తేవద్దని రూలు పెట్టా. మనదైనా సరే."

"మరి కాన్ పెళ్లెట్లా అయిందిరా?"

"గడప మీద! ఆవిడ లోపల, ఈయన బయట. అప్పటి గురువు మంచివాడు, మధ్యలో నిలబడి కట్టేశాడు."

నవ్వు ఆగలేదు నాకు. ఈమూలు కూడా తలెత్తి చూశాయి.

మధ్యాహ్నం భోజనం ఫాదర్ బంగళాలో. బంగాళాదుంపలే. రెండు దాటాక గుడి పక్క హాల్లో ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంటే కాన్ భార్య మొరీన్ సాయానికొచ్చింది. పొట్టి మనిషి, ఎర్రటి బుగ్గలు, చేతులు మహా చురుకు. స్వర్ణోత్సవానికి ఏం కానుక కావాలని అడిగాను.

"ఏమీ వద్దు. ఒక్కసారి ఆయన చేయి పట్టుకుని ఆ తలుపు నుంచి పీఠం దాకా నడవాలి. పెళ్లికూతుళ్లందరూ లోపలికి నడుస్తారు. బయటికి నడిచినదాన్ని నేనొక్కదాన్నే. మా నాన్న నన్ను పీఠం దగ్గర్నుంచి గడప దాకా తీసుకెళ్లి అప్పజెప్పాడు," అంది. చెబుతూ నవ్వింది గానీ కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు కోస్తున్నాం కాబట్టి ఇద్దరం ఏమీ అనుకోలేదు.

నేను చెయ్యి కడుక్కుని నేరుగా ఫాదర్ దగ్గరికెళ్లాను. "ఆ పెద్దాయన్ని లోపలికి రమ్మని ఎవరైనా పిలిచారా?"

"తలుపు తీసే ఉంటది గదక్కా. ఆ పాత ఉత్తరువులు ఎప్పుడో పోయాయి. ఎవరొద్దన్నారు?"

"వద్దనకపోతే సరిపోతుందా? నీ గురుపట్టాభిషేకానికి మీ మేనమామ తలుపు తీసి ఉందని వచ్చాడా? మీ అమ్మా నాన్నా పళ్లెం పట్టుకుని రెండుసార్లు వెళ్లి పిలిస్తే గదా కదిలాడు! పిలవని పేరంటానికి పౌరుషమున్నవాడు ఎవడొస్తాడు?"

శౌరయ్య కాసేపు నెత్తి గోక్కున్నాడు. తర్వాత పళ్లెం కోసం వెతకడం మొదలుపెట్టాడు.

అయిదింటికి బయలుదేరాం. పళ్లెంలో యాపిల్స్, అరటిపళ్లు, సున్నుండలు, బంగళా ముందు పూసిన నాలుగు గులాబీలు. కాన్ పొలం ఊరికి రెండు మైళ్లు. కొబ్బరిచెట్టంత మనిషి, దుంపల మడిలోంచి వచ్చి, పళ్లెం చూసి, మళ్లీ లోపలికెళ్లి చేతులు కడుక్కుని వచ్చాడు. నాకది ఎంతో నచ్చింది. మా పద్ధతి ఇదని చెప్పి, పళ్లెం ఆయన చేతుల్లో పెట్టి, "రేపు మీరిద్దరూ గుళ్లోకి రావాలి, మీ స్వర్ణోత్సవం మా ఇంటి శుభకార్యం," అన్నాను. మొరీన్ వంటింటి కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఆయన ఒక సున్నుండ తీసుకుని పూర్తిగా తిన్నాడు.

"ఇంతవరకూ ఎవరూ ఇంటికొచ్చి పిలవలేదు. చాలా సంతోషం. కానీ బయటికి పంపింది నన్ను కాదమ్మా, మా నాన్నను. ఆయన్ని గేటు దగ్గరే వదిలేసి నేనొక్కణ్ణీ ఎలా వెళ్లను?"

"అయితే ఆయన్నే పిలుద్దాం," అనేశాను. నా నోటికి తాళం లేదు.

కాన్ ఫాదర్ వైపు తిరిగాడు. "ఎక్కడి నుంచి పంపారో అక్కడి నుంచి పిలవాలి, ఫాదర్."

తిరిగొచ్చేసరికి బెర్నడెట్ గుళ్లో ఆర్గన్ సాధన చేస్తోంది. నిటారుగా ఉండే సన్నటి మనిషి. కాన్ పొలానికి ఆమె పొలం రెండు కంచెల అవతల. ఆమె ఆవు తప్పిపోతే ఆయన తోలుకొచ్చి ఇస్తాడు, ఈమె మొరీన్‌కు నారింజ జాము పంపుతుంది. గుడి దగ్గర మాత్రం మొహాలు చూసుకోరు. ఫాదర్ దాచకుండా సంగతి చెప్పాడు. ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"మా చిన్నతాత చనిపోయినప్పుడు వాళ్లెవరూ క్షమాపణ చెప్పలేదు. ఆ పేరు పీఠం మీది నుంచి వినబడితే నేను ఆర్గన్ మూసేస్తాను," అంది. అరిచి చెప్పలేదు. అందుకే ఇంకా భయమేసింది.

ఆ సాయంత్రం శౌరయ్య బంగాళాదుంప కూడా ముట్టలేదు. "ఒకణ్ణి లోపలికి పిలవబోయి ఇంకొకర్ని బయటికి పంపినట్టవుద్దేమో అక్కా," అన్నాడు. అనవసరంగా వేలు పెట్టానా అని నాకూ గుబులుగానే ఉంది. మొరీన్ మొహం గుర్తొస్తే మాత్రం వెనక్కి తగ్గబుద్ధి కాలేదు. "పడుకో. పొద్దున్నే చికెన్ కడగాలి," అన్నాను. నాకు బంగళాలో గదిచ్చారు. మీరు వెళితే వార్నంబూల్‌లో మోటళ్లున్నాయి, అక్కడ దిగడం మేలు.

ఆదివారం పొద్దున్నే పులావు దమ్ముకు పెట్టి, పట్టుచీర కట్టుకుని గుడికెళ్లాను. సముద్రపు గాలి ఈడ్చి కొడుతోంది. కాన్ కొత్త సూటు, టోపీ వేసుకుని ఎప్పటిలాగే గేటు దగ్గర ఉన్నాడు. కోటుకు ఐర్లండ్ జెండాలోని ఆకుపచ్చ, తెలుపు, నారింజ రంగుల చిన్న రిబ్బను. మొరీన్ లేత నీలం గౌనులో గుమ్మం మెట్ల మీద, లోపలికీ వెళ్లక, గేటు దాకా పోక నిలబడింది. గుడి నిండిపోయింది. ఊరంతటికీ అప్పటికే తెలిసిపోయిందని జనాన్ని చూస్తేనే అర్థమైంది.

పది గంటలకు ఫాదర్ పీఠం దగ్గరికెళ్లి జనం వైపు తిరిగాడు. కాగితమేమీ లేదు.

"ఒకప్పుడు ఈ పీఠం మీది నుంచి ఒకాయన్ని బయటికి పంపారు. పంపినవాళ్లు లేరు, ఆయనా లేరు. ఆ యుద్ధంలో రెండు వైపులా పిల్లలు చనిపోయారు. ఒక్కరినీ మరిచిపోకుండానే ఈ మాట అంటున్నాను. మైకేల్ గారూ, మీ అబ్బాయి కాన్‌ను, మీ కోడలు మొరీన్‌ను వెంటబెట్టుకుని..."

అంతవరకూ ఇంగ్లీషులో చెప్పినవాడు అక్కడ ఆగాడు. తెరిచిన తలుపు వైపు చేతులు చాపి, మా ఊళ్లో వియ్యంకుల్ని పిలిచినట్టు తెలుగులో, "లోపలికి దయచేయండి," అన్నాడు.

ఆర్గన్ మూత పడిన చప్పుడైంది.

బెర్నడెట్ లేచింది. ఎవరి వైపూ చూడకుండా నడవ మధ్యలోంచి గుమ్మం వైపు నడిచింది. అయిపోయింది, వెళ్లిపోతోంది అనుకున్నాను. శౌరయ్య కళ్లు మూసుకున్నాడు.

ఆ గుడికి రెండు తలుపు రెక్కలు. గాలికి భయపడి ఎప్పుడూ ఒకటే తీస్తారు. రెండోదానికి కింద గడియ వేసి ఉంటుంది. బెర్నడెట్ ఆ మూసిన రెక్క దగ్గర ఆగి, మోకాళ్ల మీద వంగి, గడియ పట్టుకుని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆవిడ మొహం ఎర్రబడింది గానీ వదల్లేదు. గేటు దగ్గర్నుంచి కాన్ పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చి బయటి నుంచి ఆ రెక్కకు భుజం ఆనించాడు. లోపల ఆవిడ లాగుతోంది, బయట ఈయన నెడుతున్నాడు. కిర్రుమని తలుపు తెరుచుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"ఒక్క రెక్క తీస్తే ఇద్దరు పక్కపక్కన పట్టరు," అంది బెర్నడెట్.

"ఈ గడియకు నూనె పెట్టాలి," అన్నాడు కాన్. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మెట్ల మీదున్న మొరీన్‌కు చేయి అందించి గడప దాటాడు.

వాయించాల్సిన మనిషి తలుపు దగ్గరే ఉండిపోయింది కాబట్టి సంగీతం లేదు. ఆ నిశ్శబ్దంలో వాళ్లు నడవడం నేను తట్టుకోలేక చప్పట్లు మొదలుపెట్టాను. మా గుళ్లో అయితే డప్పులే మోగి ఉండేవి. ఒక క్షణం నేనొక్కదాన్నే. తర్వాత గుడంతా చప్పట్లు, ఈలలు కూడా! మొరీన్ మాత్రం తొందరపడలేదు. ప్రతి వరుస దగ్గరా తలూపుతూ, పాతికేళ్ల పెళ్లికూతురికంటే గర్వంగా నడిచింది. కాన్ కోటు మీది రిబ్బను దగ్గరికొచ్చేసరికి ఫాదర్‌కు తన రూలు గుర్తొచ్చి పైకప్పు వైపు చూడసాగాడు. కాన్ రెండు చేతులూ చాపి సత్ప్రసాదం అందుకున్నాడు. నేను ఏడ్చాను, దాచుకోను.

పన్నెండింటికి భోజనాలు. పులావు డేగిసా అడుగు కనబడింది. కారం కారం అంటూ కళ్లు తుడుచుకుంటూనే మూడోసారి వడ్డించుకున్నారు. శౌరయ్య ఎంత తిన్నాడో నేను రాయను, గురువు మర్యాద కాపాడాలి.

సాయంత్రం రైలుకు కాన్, మొరీన్ నన్ను తమ బండిలో వార్నంబూల్ చేర్చారు. కాన్ డేగిసా ఎక్కిస్తుంటే మొరీన్‌ను, "ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగాను.

"యాభై ఏళ్లు గుళ్లో నా పక్కన ఆయన కూర్చోవాల్సిన చోట్లో నా హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకున్నాను. ఇవాళ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు," అంది. ఇద్దరం ప్లాట్‌ఫారం మీద చిన్నపిల్లల్లా నవ్వాం.

రైలు కదిలింది. మళ్లీ ఆవులు, రాతి గోడలు, పచ్చికమీద వాలిన ఎండ. దేశమూ దేవుడూ రెండూ తనవే అనుకున్న మనిషిని అందులో ఒకటి ఎంచుకోమనడం ఎంత అన్యాయం! మైకేల్ ఏదీ వదులుకోలేదు, గేటు దగ్గర నిలబడి రెండింటినీ పట్టుకున్నాడు. ఇంత దూరం నుంచి వచ్చిన మేం చేసిందల్లా, మా ఇళ్లల్లో ఎవరైనా చేసే పని, వెళ్లి పిలవడం. ఆ ఊరు చూడదలిస్తే ఆదివారం చూడండి, ఆకలితో వెళ్లండి.

కొలాక్ దాటుతుండగా శౌరయ్య ఫోన్ చేశాడు.

"అక్కా, బెర్నడెట్ వచ్చి వెళ్లింది. వచ్చే ఆదివారం వాళ్ల చిన్నతాత పేరు కూడా పీఠం మీంచి పిలవాలంట. నేను కాదంట, కాన్ పిలవాలంట."

ఫోన్ చెవికి నొక్కిపట్టాను. "కాన్ ఏమన్నాడు?"

"టోపీ తీసి దుమ్ము దులిపాడు. తర్వాత, టై కట్టుకోవాలా అని అడిగాడు."

"కట్టుకోమను," అన్నాను.